గాజు గదిలో కుర్చీ

"ఇవాళ పదకొండింటికి ఒకసారి బ్యాంకుకి రా. పనేం లేదు. ఊరికే వచ్చి కూర్చుని, టీ తాగి వెళ్ళు చాలు," అన్నాడు ఎనామూల్, బూటు లేసులు కట్టుకుంటూ.

మొర్షెదా వరండాలో కత్తిపీట ముందు కూర్చుని చేప తోముతోంది. బూడిద పట్టించిన కొర్రమీను చేతిలోంచి జారి పళ్ళెంలో పడింది.

"పని లేకపోతే ఎందుకూ?"

"నలుగురూ చూడాలి. ఆ ఆకుపచ్చ చీర కట్టుకో, గంజి పెట్టింది ఉందిగా. భయపడ్డ మొహం వేసుకుని మాత్రం రాకు."

అతను మోటారుసైకిలు తీసి వెళ్ళిపోయాడు. సందు మలుపు తిరిగేదాకా ఆ చప్పుడు వింటూ కూర్చుంది. భయపడ్డ మొహం అంటే ఎలా ఉంటుందో అద్దంలో చూసుకోవాలనిపించింది కానీ చేతులకు చేప జిగురు. మూడు వారాలుగా ఆమె మొహం ఎలా ఉందో ఆమెకే తెలియదు. గేటు చప్పుడైతే చెయ్యి ఆగిపోతోంది. అన్నం వార్చేటప్పుడు, అత్తగారికి నమాజు ముందు వజూ చేసుకోవడానికి నీళ్ళు తోడేటప్పుడు, భర్త చొక్కా కాలరు ఉతికేటప్పుడు ఒకే అంకె బుర్రలో తిరుగుతోంది. ఇరవై మూడు లక్షల టాకాలు. డెన్మార్కుకి పంపిన బుట్టల తాలూకు డబ్బు. వచ్చింది. ఖాతా కాగితం మీద అచ్చుపడి ఉంది. తీసుకుందామంటే మాత్రం రోజుకి ఇరవై వేలకు మించి ఇవ్వడం లేదు. ఆ ఇరవై వేలకి కూడా తెల్లవారకముందే వెళ్ళి బ్యాంకు మెట్ల మీద నిలబడాలి.

బక్రీదుకి పదహారు రోజులుంది. ఆమె దగ్గర బుట్టలల్లే ఆడవాళ్ళు నూట నలభై మంది. రెండు నెలల కూలీ బాకీ.

పదకొండేళ్ళ కిందట షేర్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లో ఆరుగురు ఆడవాళ్ళతో మొదలుపెట్టింది ఈ పని. రెల్లుగడ్డి కట్టని తాటాకు చీలికతో చుట్టి కుడుతూ పోతే బుట్ట లేస్తుంది. ఇక్కడి అమ్మమ్మలందరికీ వచ్చిన విద్యే. దాన్ని దేశం దాటించవచ్చని మొదట అనుకున్నది మొర్షెదా. "గడ్డి అమ్ముకుంటుందట మా కోడలు," అని అత్తగారు జొహురా బీబీ చుట్టాలందరికీ చెప్పి నవ్వేది. మొదటి డాలర్లు వచ్చిన రోజున ఎనామూల్ బొగురా నుంచి తియ్యపెరుగు కుండలు నాలుగు తెచ్చాడు. నాలుగూ తన మేనేజరుకీ, బ్యాంకు వాళ్ళకీ పంచాడు. అప్పటికి అతను నూరుల్ అమానత్ బ్యాంకు షేర్‌పూర్ శాఖలో చిన్న ఆఫీసరు. మొర్షెదా ఖాతా మొదట్లో సర్కారీ బ్యాంకులో ఉండేది. "ఇంట్లో బ్యాంకు పెట్టుకుని బయటి బ్యాంకుకి డాలర్లు పోయడం ఏంటి? నన్ను చూసి నవ్వరూ?" అన్నాడు. మార్చేసింది. ఎగుమతి డాలర్లు చూపించిన శాఖ అని ఢాకా నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. రెండేళ్ళు తిరగకుండా ఎనామూల్ మేనేజరు తరవాతి కుర్చీలో కూర్చున్నాడు. విదేశీ కొనుగోలుదారుల మెయిళ్ళకి ఆమె వంటింట్లో గచ్చు మీద కూర్చుని, పప్పు పొంగకుండా ఓ కన్నేసి జవాబులు రాసేది. ఆ సంగతి ఏ ఉత్తరంలోనూ లేదు.

ఆ తరవాతది ఇంకా బరువైనది. నాలుగేళ్ళ కిందట ఎనామూల్ ఒక సలహా ఇచ్చాడు. ఆడవాళ్ళకి కూలీ చేతికివ్వడం దేనికి, మన బ్యాంకులోనే అందరికీ ఖాతాలు తెరిపించు అని. మొర్షెదా ఇల్లిల్లూ తిరిగింది. బియ్యం డబ్బాలో దాచుకునేవాళ్ళని, తాటాకు కప్పు సందులో దోపుకునేవాళ్ళని, మొగుళ్ళకి కనపడకుండా కోళ్ళ గూటి కింద పాతుకునేవాళ్ళని కూర్చోబెట్టి చెప్పింది. "ఇది వడ్డీ బ్యాంకు కాదు. మన డబ్బుతో హలాల్ వ్యాపారం చేస్తారు, లాభంలో మనకి వాటా ఇస్తారు. మా ఆయనే ఉన్నాడుగా అక్కడ," అంది. ఆ చివరి మాటకే వాళ్ళు వేలిముద్ర వేశారు. ఇప్పుడు ఢాకాలోని బ్యాంకు యజమానులు జనం డబ్బంతా తమ మిల్లులకే మళ్ళించుకున్నారని పేపర్లో రాస్తున్నారు. నిజమో అబద్ధమో మొర్షెదాకి తెలియదు. నూట నలభై మొహాలు మాత్రం తెలుసు.

పదకొండింటికి ఆకుపచ్చ చీర కట్టుకుని వెళ్ళింది.

బ్యాంకు మెట్ల మీంచి మందుల షాపు దాకా జనం. ఆడవాళ్ళది వేరే వరుస. కొందరు చెప్పులు తమ చోట్లో వదిలి, తాము గోడ నీడన కూర్చున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు. అదే ఆమెకి ఎక్కువ భయం వేసింది. సంతలో జనం అరుస్తారు, తిట్టుకుంటారు. ఇక్కడ వీళ్ళు ఆసుపత్రి బయట కూర్చున్న చుట్టాల్లా ఉన్నారు. గార్డు ఆమెని చూసి పక్క తలుపు తీశాడు. వరుసలో ఎవరో అన్నారు, "వాళ్ళకి వేరే దారి ఉంటుందిలే." ఆమె వెనక్కి తిరగలేదు.

మేనేజరు తొఫజ్జల్ హుసేన్ గది మూడు వైపులా గాజు. కిటికీ వైపు కాకుండా హాలు వైపు మొహం ఉండేలా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. పాల టీ తెప్పించాడు, పళ్ళెంలో రెండు బిస్కెట్లు.

"తీసుకోండి మేడం. మీరు ఇక్కడ కూర్చుంటే నాకు వంద మంది పోలీసులు ఉన్నట్టే," అన్నాడు నవ్వుతూ. నవ్వు పెదాల దగ్గరే ఆగింది. మేజా మీద రెండు ఫోన్లు ఉన్నాయి. రెండూ మోగుతున్నాయి. రెండూ ఎత్తడం లేదు.

"హెడ్డాఫీసు నుంచి డబ్బు వస్తుందా తొఫజ్జల్ భాయ్?" అని మెల్లిగా అడిగింది.

"వస్తుంది. బుధవారం వస్తుంది. ఇన్షాల్లా." ఆ చివరి మాట అతను నేలను చూస్తూ అన్నాడు.

ఆమె టీ తాగలేదు. పైన మీగడ కట్టింది. గాజు అవతల నుంచి కళ్ళన్నీ తన మీదే. తను కప్పు ఎత్తితే ఎత్తిందని, దించితే దించిందని చూస్తున్నారు. పెళ్ళి చూపుల్లో కూడా ఇలాగే కూర్చోబెట్టారు ఆమెని. తల కొంచెం ఎత్తమ్మా, జుట్టు చూపించమ్మా, నాలుగడుగులు నడవమ్మా అన్నారు. అప్పుడు పందొమ్మిదేళ్ళు. ఇప్పుడు నలభై రెండు. ఎనామూల్ కౌంటరు వెనకాల తల వంచుకుని నోట్లు లెక్కపెడుతున్నాడు. ఒక్కసారి తలెత్తి ఆమె వైపు చూసి, కప్పు వైపు కనుబొమ్మ ఎగరేశాడు. తాగు అని. ఆమె తాగింది. మీగడ నాలుక్కి అంటుకుంది.

అంతలో హాల్లో గొంతు లేచింది. రిటైరైన బడి పంతులు మొక్లెసూర్ మాస్టారు. "నా పెన్షన్ డబ్బు నాకివ్వడానికి రోజుకింత అని మీరెవరయ్యా? చెప్పరే?" అంటున్నాడు. గుంపు ముందుకి జరిగింది. తొఫజ్జల్ లేచి, "మేడం, ఒక్క నిమిషం నాతో రండి," అన్నాడు. ఎందుకని అడిగే లోపే గాజు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"మాస్టారూ, ఈవిడని ఎరుగుదురుగా? యూరపుకి సరుకు పంపే మనిషి. మీ అందరి కంటే పెద్ద మొత్తం ఈవిడది ఉంది ఇక్కడ. ఈవిడ తీసుకుంటోందా? అడగండి. ఏం మేడం, తీసుకుంటున్నారా?"

హాలంతా ఆమె వైపు తిరిగింది. నాకే తెలియదు, నాకూ భయంగానే ఉంది, నా డబ్బు కూడా ఇందులో ఇరుక్కుంది అనాలనుకుంది. కౌంటరు వెనక ఎనామూల్ చెయ్యి నోట్ల కట్ట మీద ఆగిపోయి ఉంది. మొర్షెదా అడ్డంగా తల ఊపింది. తీసుకోవడం లేదని. గుంపులో ఒక సడలింపు ఆమెకి స్పష్టంగా కనిపించింది. పదిమంది దాకా వరుస వదిలి వెనక్కి మళ్ళారు.

వాళ్ళలో ఛొబీరన్ ఉంది.

ఛొబీరన్ మొదటి ఆరుగురిలో ఒకతె. యాభై దాటింది. ఆమె అల్లిన బుట్ట మూతి ఎంత గుండ్రంగా ఉంటుందంటే, డెన్మార్కు ఆవిడ ఫోటో తీసి మిగతావాళ్ళకి నమూనాగా పంపమంది. ఏడాదిగా రక్తస్రావం. గర్భసంచి తీసెయ్యాలన్నారు బొగురా పెద్దాసుపత్రిలో. మందులకీ, రక్తానికీ అని పద్దెనిమిది వేలు కూడబెట్టుకుంది. శనివారం రమ్మన్నారు. ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో చెక్కు కాగితం నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంటూ మొర్షెదా దగ్గరికొచ్చింది. తనకంటే చిన్నదైనా ఆమెని ఆపా, అంటే అక్కా, అనే పిలుస్తుంది.

"నేనే పిచ్చిదాన్ని ఆపా. నాలుగింటికి లేచొచ్చా. నువ్వే ఉంచావుగా, ఇంక నాకేం భయం?"

"నీ ఆపరేషను శనివారం కదా?"

"వారం ఆగితే కొంపలేం మునగవులే. ఏడాది ఆగినదాన్ని. గుంపులో నిలబడలేకపోతున్నా, కళ్ళు తిరుగుతున్నాయి."

ఆగు, వెళ్ళకు అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో తొఫజ్జల్ పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. ఛొబీరన్ గోడ పట్టుకుని మెట్లు దిగి, ఎండలో వ్యాను రిక్షా కోసం చెయ్యెత్తడం గాజులోంచి చూసింది.

ఇంటికొచ్చి చీర విప్పి మడత పెట్టింది. తను చేసింది ఒక్కసారి తల ఊపడమే. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆ తల ఎన్నిసార్లు ఊపిందో లెక్కలేదు. పుట్టింటికి వెళ్ళొద్దంటే ఊపింది. రెండో బిడ్డ ఇప్పుడొద్దంటే ఊపింది, ఇప్పుడు కావాలంటే ఊపింది, ఆ బిడ్డ దక్కనప్పుడు ఎవరితోనూ అనకంటే ఊపింది. అప్పుడు పోయింది తనది. ఇవాళ ఊపిన దానికి పోయేది ఇంకొకరి రక్తం. ఈ ఆలోచన రాగానే మంచం మీద కూలబడింది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక జొహురా బీబీ కాళ్ళు చాపి పడుకుంది. రోజూ ఆ వేళకి ఆవాల నూనె వెచ్చచేసి కాళ్ళు పట్టాలి. మొర్షెదా పట్టసాగింది.

"మసీదు వీధిలో ఆడవాళ్ళంతా ఒకటే ఏడుపట కదా బౌమా, బ్యాంకు బ్యాంకు అని," అంది ఆవిడ కళ్ళు మూసుకునే. బౌమా అంటే కోడలమ్మా అని. ప్రేమగా ఉన్నప్పుడే అలా పిలుస్తుంది. "అల్లా దయ. నా హజ్ డబ్బు ఎనామూల్ ముందే తీసేశాడు కాబట్టి సరిపోయింది."

మొర్షెదా చేతులు ఆగాయి. "ఎప్పుడమ్మా?"

"రంజాన్ పండగ అయిన వారానికే. నాదీ, వాడిదీ కలిపి సర్కారీ బ్యాంకులో వేశాడు. వాడికి బుర్ర పాదరసంలే, చిన్నప్పట్నించీ. నీకు చెప్పలేదా?"

"చెప్పే ఉంటారు. మర్చిపోయాను."

"కాలు వదిలేశావే. మోకాలి కింద పట్టు, అక్కడే లాగుతోంది."

పట్టింది. మోకాలి కింద పట్టింది, మడమ దగ్గర పట్టింది, ఒక్కొక్క వేలూ లాగింది. రంజాన్ పండగ అయి ఎనిమిది వారాలు కావస్తోంది. ఊళ్ళో పుకారు పుట్టి మూడు వారాలు. నాలుగు వారాల ముందే అతనికి తెలుసు. ఆ నాలుగు వారాల్లోనే డెన్మార్కు డబ్బు వచ్చింది. "వచ్చిన డబ్బు కదపకు, లాభనష్టాల్లో వాటా ఉండే ముదారబా ఖాతాలో మూణ్ణెల్లు ఉంచితే లాభం బాగుంటుంది," అని అతనే ఫారం తెచ్చి, కందగడ్డ తరుగుతున్న ఆమె చేతికి పెన్ను ఇచ్చాడు. ఆమె కొంగుకి చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టింది. పొద్దున గాజు గదిలో కనుబొమ్మ ఎగరేసి టీ తాగమన్నవాడి డబ్బు ఆ బ్యాంకులో లేదు. అక్కడున్నది ఆమె డబ్బు, ఆమె మాట విన్నవాళ్ళ డబ్బు. కోపం వస్తుందనుకుంది. రాలేదు. కాళ్ళ కింద గచ్చు ఉందో లేదో తెలియని భయం వచ్చింది. ఇన్నేళ్ళూ ఒకే గొడుగు కింద నడుస్తున్నామనుకుంటే, తల తడుస్తున్నది తనకొక్కదానికే అని తెలిసినట్టు.

ఎనామూల్ సాయంత్రం నమాజు చేసుకుని వచ్చాడు. అన్నం పెట్టింది. కొర్రమీను పులుసులో తల ముక్క అతని కంచంలో వేసింది, ఎప్పటిలాగే. అతను రెండు ముద్దలు తిన్నాక అడిగింది.

"అమ్మ డబ్బు తీసేశారట."

అతను నమలడం ఆపలేదు. "హజ్ డబ్బు అది. పోతే పైన ఎవరు జవాబు చెప్తారు?"

"మీది?"

"కలిపి ఒకచోట ఉంటే తేలికని."

"మరి నాది?"

"నీది వ్యాపారం డబ్బు తూబా అమ్మా." కూతురు తూబా రాజ్‌షాహీలో చదువుకుంటోంది. కూతురు పుట్టిన దగ్గర్నించీ మొర్షెదా పేరు ఆ ఇంట్లో అదే. "వ్యాపారం అన్నాక లాభం ఉంటుంది, నష్టం ఉంటుంది. మన పద్ధతిలో ఇద్దరూ భాగస్వాములే. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టావుగా."

"మీకు తెలిసే పెట్టించారు."

అప్పుడు కంచంలోంచి చెయ్యి తీశాడు. "విను. నీ ఖాతాయే మా శాఖలో పెద్దది. నువ్వు తీస్తే ఊరంతా తీస్తుంది. ఊరంతా ఒక్క రోజు అడిగితే ప్రపంచంలో ఏ బ్యాంకూ ఇవ్వలేదు. మూడో రోజుకి షట్టరు దిగుతుంది. అప్పుడు నీకూ రాదు, ఆ బుట్టలవాళ్ళకీ రాదు. నోరు మూసుకుని నిలబడితే నెమ్మదిగా అందరికీ వస్తుంది. నేను చెప్పేది అబద్ధమా?"

అబద్ధం కాదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. అతని మాటలో నిజం ఉంది. ఆ నిజాన్ని మొయ్యాల్సిన వాళ్ళలో అతను లేడు.

"నా ఉద్యోగం పోతే ఈ ఇంట్లో ఎవరి చోటు ఎక్కడో ఆలోచించుకో," అని గ్లాసులోకి నీళ్ళు వంపుకున్నాడు. నీళ్ళు కంచం పక్కన ఒలికాయి. అతనూ భయపడుతున్నాడని ఆమెకి తెలిసింది. జాలి పుట్టింది. ఆ జాలిని చూసి ఆమెకి తన మీదే భయం వేసింది, అది ఎప్పుడూ ఇలాగే పుట్టి, తల ఊపించి వెళ్ళిపోయేది కనక.

తెల్లవారుజామున నమాజు చాప మీంచి లేవగానే ఫోను తీసింది. డెన్మార్కు కొనుగోలుదారు కిర్‌స్టెన్ నాలుగు రోజుల కిందట రాసింది. రెండో విడత సరుకు ఓడ ఎక్కింది, మిగతా డబ్బు నూరుల్ అమానత్ ఖాతాకే పంపనా అని. మొర్షెదా నాలుగు రోజులూ దానికి జవాబు రాయలేదు. ఇప్పుడు రాసింది. వద్దు, ఈ ఖాతాకి పంపండి అని. సర్కారీ బ్యాంకులో మూయకుండా వదిలేసిన పాత ఖాతా, అందులో ఆరు వందల టాకాలున్నాయి, తన ఒక్కదాని పేరు మీద ఉంది. అంకెలు మూడుసార్లు సరిచూసుకుంది. పంపే బొత్తాం నొక్కేటప్పుడు పక్క గదిలో ఎనామూల్ దగ్గాడు. వేలు గాల్లోనే ఆగింది. మళ్ళీ దగ్గు వినపడలేదు. నొక్కింది.

తరవాత బురఖా వేసుకుని, వ్యాను రిక్షాలో ఛొబీరన్ ఇంటికి వెళ్ళింది. వాన పడి ఆగింది. గుమ్మంలో కూర్చుని తాటాకు చీలుస్తోంది ఛొబీరన్, మొహం పాలిపోయి సున్నంలా ఉంది.

"చెక్కు తీసుకో. పద."

"ఎక్కడికి ఆపా ఇంత పొద్దున్నే?"

"వరుసలోకి."

ఛొబీరన్ ఆమె మొహంలోకి చూసింది. లేచి గోడ పక్కనున్న చెప్పులు తొడుక్కుంది.

ఆడవాళ్ళ వరుసలో వాళ్ళ ముందు పది మంది. ఛొబీరన్‌ని ముందు నిలబెట్టి వెనక తను నిలబడింది, ఇరవై వేల చెక్కు పట్టుకుని. ఎవరూ మొదట గుర్తుపట్టలేదు. ఎనిమిదిన్నరకి మొక్లెసూర్ మాస్టారు పక్క వరుసలోంచి అన్నాడు, "అమ్మా, నీ దారి అటు కదా. పక్క తలుపు."

"ఇవాళ ఇటే మాస్టారూ."

ఆ మాట వరుస పొడుగునా పాకడం ఆమె వీపుకి తెలిసింది. బుట్టల ఆపా నిలబడింది. ఆఫీసరు పెళ్ళాం నిలబడింది. ఫోన్లు బయటికొచ్చాయి. పావుగంటలో వరుస మందుల షాపు దాటింది. అరగంటలో పెట్రోలు బంకు దాకా వెళ్ళింది. తను ఒక్కతె వచ్చి నిలబడ్డందుకు ఇంతమంది పరుగెత్తుకొస్తున్నారు. చివర్న నిలబడ్డవాళ్ళకి ఇవాళ రాదు. బహుశా ఎప్పటికీ రాదు. ఎనామూల్ చెప్పిన షట్టరు కళ్ళ ముందు దిగుతున్నట్టే ఉంది. ఇంటికి వెళ్ళిపోతే? ఇప్పుడు వెళ్ళిపోతే సర్దుకుంటుందా? ముందున్న ఛొబీరన్ మెడ మీద చెమట బొట్టు జారడం చూస్తూ నిలబడింది.

తొమ్మిదికి ఎనామూల్ మోటారుసైకిలు వచ్చింది. ఆమెని చూసి, హెల్మెట్టు తియ్యకుండానే దగ్గరికొచ్చాడు.

"ఇంటికి పో."

ఆమె చెక్కు ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"తమాషా చెయ్యకు. అందరూ చూస్తున్నారు. నువ్వు ఇక్కడ నిలబడితే ఏమవుతుందో నీకు చెప్పాను."

"చెప్పారు. ఛొబీరన్‌కి శనివారం ఆపరేషను."

"ఆమెకి నేను ఇప్పిస్తాను. నువ్వు పో."

"ఆమె వెనకున్నావిడకి?"

అతను గొంతు ఇంకా తగ్గించి, "మళ్ళీ ఇంటి గేటు తీసుకుని లోపలికి ఎలా వస్తావో చూస్తాను," అని పక్క తలుపులోంచి లోపలికెళ్ళిపోయాడు. ఆ గేటు రంగు, గొళ్ళెం, లోపల జామచెట్టు, వంటింటి కిటికీ, తూబా పుస్తకాలు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఛొబీరన్ వెనక్కి తిరగకుండానే చెయ్యి వెనక్కి చాచి ఆమె చెయ్యి పట్టుకుంది. తాటాకు చీల్చి చీల్చి గరుకెక్కిన చెయ్యి.

పదిన్నరకి ఛొబీరన్ లోపలికెళ్ళింది. పద్దెనిమిది వేలు తెచ్చుకుంది. రవికలో దాచుకుని, ఇంటికి వెళ్ళమంటే వెళ్ళలేదు. మొర్షెదా పక్కనే మెట్టు మీద కూర్చుంది. మొర్షెదా వంతు రాగానే గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. లోపల నగదు అయిపోయిందట. బొగురా నుంచి రావాలి.

వెనక నుంచి ఒక్కసారిగా తోపు వచ్చింది. ఒక ముసలావిడ పడబోయింది, ఎవరో పట్టుకున్నారు. మొదటిసారి అరుపులు వినిపించాయి. గాజు తలుపు కొద్దిగా తెరుచుకుని తొఫజ్జల్ హుసేన్ మెట్ల మీదికి వచ్చాడు. టై పక్కకి జరిగి ఉంది. చేతులు రెండూ ఎత్తాడు.

"అయ్యా, అమ్మా, వినండి. డబ్బు వస్తోంది. బండి బయల్దేరింది. మీ డబ్బు ఎక్కడికీ పోదు. మీరెవరి మాటో విని పరుగెత్తుకొస్తే మాత్రం మనమే మన ఇల్లు తగలబెట్టుకున్నట్టు." అంతలో అతని కళ్ళు మొర్షెదా మీద పడ్డాయి. ఒక్క క్షణం తెల్లబోయాడు. వెంటనే మొహం వెలిగింది. ఆమె కోసం వెతుకుతున్నవాడిలా మెట్టు దిగి పక్కకొచ్చాడు.

"ఇదిగో, మేడం ఇక్కడే ఉన్నారు. ఈవిడెవరో తెలుసుగా మీకు. మా ఎనామూల్ సాహెబ్ భార్య. ఖర్చులకి నాలుగు వేలు తీసుకోవడానికి వచ్చినట్టున్నారు, తప్పేముంది? బ్యాంకులో ఏదన్నా తేడా ఉంటే ఊళ్ళో అందరికంటే ముందు తెలిసేది మాకు, మా ఆఫీసర్లకి. మరి మా డబ్బు ఎక్కడుంది? ఇందులోనే. మా అమ్మానాన్నల డబ్బు ఇందులోనే. నేను చెప్తే నమ్మరు. మేడం, మీరే చెప్పండి. మీ ఆయన డబ్బు ఎక్కడుంది?"

అతనికి తెలియదు. ఆమెకి ఆ సంగతి అర్థమైంది. ఎనామూల్ తన మేనేజరుకి కూడా చెప్పలేదు.

అరుపులు ఆగాయి. నిన్నటిలాగే అందరూ ఆమె వైపు తిరిగారు. గాజు తలుపు వెనక ఎనామూల్ వచ్చి నిలబడ్డాడు. చాలా కొద్దిగా, ఇంకెవరికీ తెలియకుండా, తల అడ్డంగా ఊపాడు. వద్దని. ఇన్నేళ్ళలో ఆమె అతని మొహంలో అంత భయం చూడలేదు. ఇప్పుడు కూడా ఊరికే తల ఆడిస్తే చాలు. జనం ఇళ్ళకి వెళ్తారు. అతని కుర్చీ ఉంటుంది, గేటు తెరుచుకుంటుంది, ఇరవై మూడు లక్షలు ఎప్పటికో వస్తాయేమో. నోరు విప్పితే అవేవీ ఉండవు. సాయంత్రానికి ఈ వరుస ఊరు చుట్టేస్తుంది. మొక్లెసూర్ మాస్టారు కళ్ళజోడు సరిచేసుకుని ఆమె వైపే చూస్తున్నాడు. మెట్టు మీద ఛొబీరన్ తలెత్తింది.

"ఇందులో లేదు తొఫజ్జల్ భాయ్," అంది మొర్షెదా. వెనకవాళ్ళకి కూడా వినపడింది. "మా ఆయనదీ, మా అత్తగారిదీ రంజాన్ పండగ అయిన వారానికే తీసేశారు. ఇందులో మిగిలింది నాదీ, వీళ్ళదీ."